ఇంకా పడుతుంది, తాళు

"ఇంకా పడుతుంది అక్కా, తాళు" అని మా తమ్ముడు నాతో మొదటిసారి అన్నది 2019 అక్టోబరులో. రెండోసారి 2020 ఫిబ్రవరిలో. మూడోసారి లాక్‌డౌన్‌లో. వాడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు. షేర్లు, స్థలాలు, వడ్డీలు బాగా తెలిసినవాడు. వాడు చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు. అయినా 2021లో నేను ఇల్లు కొన్నాను. ధర ఇంకా తగ్గొచ్చని తెలిసే కొన్నాను. ఎందుకంత తొందరపడ్డావని అడిగినవాళ్లకి తలా ఒక జవాబు చెప్పాను. అవేవీ అబద్ధాలు కావు. కానీ రిజిస్ట్రారాఫీసు వరండాలో జరిగిన సంగతి ఆ జవాబుల్లో లేదు. అది చెప్పకుండా ఈ ఇంటి గురించి ఎంత చెప్పినా సగమే చెప్పినట్టు.

మాది పెనుకొండ. గుంతకల్లు నుంచి బెంగుళూరు పోయే రైలుదారిలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరసగా వస్తాయి. నా బతుకంతా ఆ మూడు స్టేషన్ల మధ్యే గడిచింది. పెనుకొండలో పుట్టాను. ఉద్యోగం ఎక్కువ కాలం హిందూపురంలో. అమ్మ పుట్టిల్లు ధర్మవరం. 1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయాక విజయనగరం వాళ్లు వచ్చి తలదాచుకున్న ఊరని మా ఊరి గురించి బళ్లో చెప్పేవారు. మేం ఎదిగేసరికి ఊళ్లో కొండ, గగన్‌మహల్, బాబయ్య దర్గా, కూలిన గోడలు మిగిలాయి. ఇంటి స్థలం రేటెంత అని అడిగేవాళ్లే లేరు. ఆడపిల్లలు పెళ్లిళ్లయి వెళ్లిపోయేవారు, మగపిల్లలు బెంగుళూరు రైలెక్కేవారు, ఇళ్లకి తాళాలు పడేవి.

2017 ఏప్రిల్‌లో కియా కార్ల కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. ఫ్యాక్టరీ స్థలం పెనుకొండ మండలం ఎర్రమంచి. ఆ తర్వాత రెండేళ్లు మా ఊళ్లో జనం వానల గురించి మాట్లాడుకోవడం మానేశారు. శనక్కాయ చేలల్లో రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి 'వెంచర్లు' వేశారు. కొరియన్ అక్షరాల బోర్డులతో హోటళ్లు వచ్చాయి. నేను ఎప్పుడు ఊరికెళ్లినా ఎవరో ఒకరు సెంటు ధర చెప్పేవాళ్లు. పోయినసారి చెప్పినదానికంటే అది ఎప్పుడూ ఎక్కువే ఉండేది.

2018లో తమ్ముడు ఇల్లు అమ్మేద్దామన్నాడు. తాత కట్టిన ఇల్లు. నాన్న 2011లో పోయాడు, వీలునామా లేదు. నేను హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టాలి. పెట్టాను.

ఇక్కడ కాస్త ఆగాలి. నేను ఇలాంటి పత్రికల్లోనే స్త్రీల ఆస్తిహక్కు మీద వ్యాసాలు రాసినదాన్ని. కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కునిచ్చిన 1986 చట్టం గురించి క్లాసులో పాఠం చెప్పినదాన్ని. ఆ చట్టం తెచ్చిన ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు అప్పటికి హిందూపురం ఎమ్మెల్యే. 1985లో మూడు చోట్ల గెలిచి మిగతా రెండూ వదులుకుని హిందూపురాన్ని ఉంచుకున్నాడు. ఆ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆనాటికి పెళ్లికాని కూతుళ్లకే వర్తిస్తుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను కాబట్టి నాకు హక్కు వచ్చింది. మా పెదనాన్న కూతురికి ఆ మే నెలలోనే పెళ్లయింది. నాలుగు నెలల తేడాతో ఆమెకు రాలేదు. 2005లో కేంద్ర చట్టం మారేనాటికి వాళ్లింట్లో పంపకాలు అయిపోయాయి. మా అక్కకి రాని హక్కు నాకు వచ్చిందని తెలిసి కూడా, ఎవరూ బలవంతపెట్టకుండానే, బాల్‌పెన్నుతో దాన్ని వదిలేశాను.

కారణం లేకపోలేదు. 1998లో నేను భర్తని వదిలి వచ్చేసినప్పుడు నన్ను రానిచ్చిన ఇల్లది. అమ్మ ఏడ్చింది గానీ తలుపు తీసింది. తమ్ముడు అప్పటికి చిన్నవాడు. వాడి పెళ్లికి నా సంగతి అడ్డు వస్తుందని బంధువులన్నా వాడు ఒక్కమాట అనలేదు. ఆ రుణం నా సంతకంలో ఉంది. రుణమంటున్నాను గానీ, ఆలోచిస్తే నా సొంత ఇంట్లో నన్ను ఉండనిచ్చినందుకు నేను రుణపడ్డానన్నమాట. ఇది తట్టడానికి నాకు ఇంకో మూడేళ్లు పట్టింది. వర్జీనియా వుల్ఫ్ తన గది గురించి రాసినప్పుడు ఏడాదికి అయిదు వందల పౌన్లు కూడా కావాలంది. ఆ డబ్బు బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త వదిలివెళ్లిందని ఆ పుస్తకంలోనే ఉంటుంది. ఎన్నోసార్లు చదివాను. మేనత్త దగ్గర ఎప్పుడూ ఆగలేదు.

ఇల్లు మంచి రేటుకే పోయింది. తమ్ముడు ఆ డబ్బుతో బెంగుళూరులో ఫ్లాటు కొన్నాడు. పదకొండో అంతస్తులో అమ్మకి ఊపిరాడలేదు, నా దగ్గరికొచ్చింది. పంపకాల్లో నా వాటాకి అమ్మ వచ్చింది.

హిందూపురంలో నాది అద్దె ఇల్లు. అద్దె ఎనిమిది వేలు. ఇల్లు దొరకడం కంటే ఇల్లు చూపించుకోవడం కష్టం. 'టు లెట్' బోర్డు చూసి తలుపు కొడితే మొదటి ప్రశ్న "సార్ ఏం చేస్తారు?" సార్ లేరు, నేనే పనిచేస్తాను, అమ్మా నేనూ ఉంటామంటే, ఒక్క క్షణం నన్నూ ఒక్క క్షణం నా వెనక రోడ్డునీ చూస్తారు. కులం తర్వాత అడుగుతారు. మాంసం వండుతారా అన్నది ఆ తర్వాత. నాలుగేళ్లలో మూడిళ్లు మారాం. మూడోసారి 2020 జూన్‌లో. ఓనరు కొడుకు బెంగుళూరులో ఆఫీసు మూసేస్తే భార్యాపిల్లలతో ఇంటికొచ్చేశాడు. వాళ్ల ఇల్లు వాళ్లకి కావాలి, న్యాయమే. కరోనా రోజుల్లో డెబ్బయ్యేళ్లు దాటిన అమ్మని ఆటోలో కూర్చోబెట్టి, ఒళ్లో దేవుడి పటాలు పెట్టి, ఇల్లిల్లూ తిరిగాను. కొత్తవాళ్లని గేటు దాటి లోపలికి రానివ్వని రోజులవి.

అప్పటికి ధరలు పడటం మొదలై ఏడాదయింది. 2019లో ప్రభుత్వం మారాక కొన్ని నెలలు ఇసుక దొరకలేదు. కట్టడాలు ఆగిపోయాయి, తాపీ పనివాళ్లు ఖాళీగా కూర్చున్నారు. ఆగస్టులో కియా నుంచి సెల్టోస్ కారైతే బయటికొచ్చింది గానీ, కారొస్తే ఊరంతా ఉద్యోగాలని నమ్మి కొన్న ప్లాట్లలో గడ్డి మొలిచింది. 2020 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీని తమిళనాడుకి తరలించే మాటలు జరుగుతున్నాయని రాయిటర్స్ వార్త వేసింది. కంపెనీ ఖండించింది, ప్రభుత్వమూ ఖండించింది. ఫ్యాక్టరీ ఎక్కడికీ పోలేదు. అయినా ఆ వారం పెనుకొండలో బ్రోకర్ల ఫోన్లు మోగలేదు. వచ్చే నెల లాక్‌డౌన్.

ధరలు పడటమంటే కూరగాయల ధర పడినట్టు అనుకునేదాన్ని. మా ఊళ్లలో అలా జరగదు. ఎవరూ ధర తగ్గించరు. "నేను కొన్న రేటు రాకుంటే అమ్మేదే లేదు" అంటారు. తగ్గేది అమ్మకాలు. ఊరంతా ఆగిపోతుంది. కొనేవాళ్లు ఇంకా తగ్గుతుందని ఆగుతారు, అమ్మేవాళ్లు మళ్లీ పెరుగుతుందని ఆగుతారు. ఆ ఆగిన బజారులో తగ్గించి అమ్మేది ఆగలేనివాళ్లు మాత్రమే. ఆస్పత్రి బిల్లున్నవాళ్లు, వడ్డీవాడు గుమ్మంలో కూర్చున్నవాళ్లు, మగమనిషి పోయిన ఇల్లు. 'రేటు పడింది' అని మనం అనుకునేది వాళ్ల రేటే. మా తమ్ముడు తాళమన్నది అలాంటివాళ్లు ఇంకా కొందరు తయారయ్యేదాకా తాళమనే. ఆ మాట వాడికి తెలియదు. నాకూ అప్పుడు తెలియదు.

వాడి లెక్క ఇది. నెలకి ఎనిమిది వేల అద్దె ఇల్లు కొనాలంటే పాతిక లక్షలపైన. ఏడాది అద్దె ఆ ధరలో నాలుగు శాతం కూడా కాదు. ఆ డబ్బుకి బ్యాంకు వడ్డీ అంతకంటే ఎక్కువ. పైగా ధర పడుతోంది. అంటే అద్దెకుండటమే తెలివి. 2020 మార్చిలో, మేలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 4 శాతానికి దించింది, ఇంటిరుణాలు 7 శాతం దగ్గరికొచ్చాయి. "అప్పు చౌకే, కానీ తొందరేం లేదు" అన్నాడు.

నేనూ కాగితం మీద వేసుకున్నాను. నాకు యాభై ఏళ్లు. బ్యాంకు రిటైర్‌మెంటు దాకానే గడువిస్తుంది, అంటే పదేళ్లు. 15 లక్షలు పదేళ్లకి 7 శాతం మీద నెలకి దాదాపు 17,400. రెండేళ్లు ఆగి, ధర 2 లక్షలు తగ్గాక 13 లక్షలు తీసుకుంటే, అప్పటికి గడువు ఎనిమిదేళ్లే. కిస్తీ 17,700. ధర తగ్గినా నెలనెలా నా చేతిలోంచి పోయేది తగ్గదు. మొత్తం మీద కట్టేది చూస్తే, రెండేళ్ల అద్దె కలుపుకున్నా, తమ్ముడి లెక్కే గెలుస్తుంది. ఒప్పుకున్నాను. కానీ ఆ లెక్కలో ఆగడానికి ఒక చోటు ముందే ఉంది. వాడు తన ఫ్లాటులో కూర్చుని ఆగమంటున్నాడు. ఆ ఫ్లాటులో పెనుకొండ ఇల్లుంది.

కేరళలో ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ చేసిన పరిశీలన ఆ రోజుల్లో మళ్లీ తీసి చదివాను. భూమీ ఇల్లూ ఏదీ లేని స్త్రీలలో 49 శాతం దీర్ఘకాలం దెబ్బలు తిన్నవాళ్లు. ఇల్లు ఉన్నవాళ్లలో అది 10 శాతం, భూమీ ఇల్లూ రెండూ ఉన్నవాళ్లలో 7 శాతం. చదువూ ఉద్యోగమూ ఉంటే చాలనుకున్న నా తరానికి ఆ అంకెలు మింగుడుపడవు. 1998లో నాకు చదువూ ఉద్యోగమూ రెండూ ఉన్నాయి.

2021 మొదట్లో ధర్మవరానికి బదిలీ అయింది. అమ్మ సంబరపడింది. అమ్మమ్మ ఊరు, మగ్గాల ఊరు. సెలవులకి వెళ్తే తెల్లారకముందే మగ్గాల చప్పుడు వినిపించేది. ఈసారి వెళ్లేసరికి ఎన్నో ఇళ్లల్లో చప్పుడు లేదు. పెళ్లిళ్లు ఆగిపోయి పట్టుచీరలు ఇళ్లల్లోనే ఉండిపోయాయి, అమ్ముడుపోయినవాటికి డబ్బులు రాలేదు. అమ్మకానికున్న ఇళ్లు చాలానే ఉన్నాయని బ్రోకరు చెప్పాడు. "ఇప్పుడు మీరు అడిగిందే రేటు మేడం."

నేను చూసిన నాలుగో ఇల్లు రెండు గదులూ, వంటిల్లూ, ముందు పొడుగాటి హాలూ. హాల్లో మగ్గం గుంత. కూర్చుని కాళ్లు దించి తొక్కడానికి నేలలో తవ్వేది. అద్దె ఇంట్లో ఎవరూ నేల తవ్వనివ్వరు. అందుకే నేతపనివాళ్లు అప్పో సొప్పో చేసి ముందు నాలుగు గోడలు కట్టుకుంటారు. వాళ్లకి ఇల్లంటే నివాసం మాత్రమే కాదు, పనిముట్టు కూడా. ఇల్లమ్ముతున్నారంటే మగ్గం మానేస్తున్నారని అర్థం. అది నాకు తెలుసు. తెలిసే బేరమాడాను. 26 లక్షలు చెప్పారు, 24కి తెచ్చాను. ఆ రాత్రి అమ్మతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. పుట్టి బుద్ధెరిగాక నేను గెలిచిన మొదటి పెద్ద బేరం అది.

బ్యాంకు లాయరు కాగితాలు చూసి, అమ్ముతున్నాయనకి చెల్లెలు ఉందా అని అడిగాడు. ఉంది. ఆమె సంతకం కావాలన్నాడు. తండ్రి 2003లోనే పోయాడు కదా అని బ్రోకరు నసిగాడు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కదా, తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి పుట్టుకతోనే హక్కు. లాయరు ఆ తీర్పు పేరు చెప్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. క్లాసులో చెప్పిన పాఠం ఒక మనిషి తలుపు తట్టబోతోందనుకున్నాను.

ఆగస్టులో రిజిస్ట్రేషన్. ఆమె కదిరి వైపు పల్లె నుంచి బస్సులో వచ్చింది. నలభై దాటి ఉంటాయి. వరండాలో పక్కపక్కనే కూర్చున్నాం. ఆ హాల్లోనే పెరిగానని చెప్పింది. ఆరేళ్లప్పటి నుంచి పెళ్లి దాకా రాట్నం మీద కండెలు చుట్టానని, వాళ్లమ్మ ఆసు పోసేదని. కూలి లెక్క ఎప్పుడూ మగ్గం మీద కూర్చున్నవాళ్ల పేరనే ఉండేదని ఆమె చెప్పలేదు, నాకు తెలుసు. మీ వాటా ఎంత అనుకున్నారని అడిగాను. నవ్వింది. "నాకేం వాటా మేడం, అన్నకి అప్పులకే సాలదు."

అప్పుడు నాకు ఏమయిందో, లేచి డాక్యుమెంటు రైటరు దగ్గరికి వెళ్లి, చెల్లెలి భాగానికి విడిగా ఆమె పేర చెక్కు రాస్తానన్నాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చూశాడు. "మీకెందుకు మేడం ఆ తలనొప్పి? ఆడబిడ్డ సంతకం మీ సేఫ్టీకి. అది పెడుతోంది కదా." ఆ మాటతో నేను చల్లబడ్డాను. నిజమే. ముప్ఫై అయిదేళ్ల చట్టాలూ తీర్పులూ కలిసి ఆ వరండాకి చేరేసరికి ఆమె హక్కు నా టైటిల్‌కి భద్రత అయింది. ఆమె చేతికి వచ్చింది పెన్ను.

అయినా ఆమెనే అడిగాను. ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "వద్దు మేడం. నా పేర చెక్కిస్తే మాయింట్లో తెలుస్తాది. అది నా దగ్గర ఉంటాదా? అన్నకే ఇయ్యండి. రేపు నాకేమన్నా అయితే వచ్చేదానికి ఒక వాకిలుండల్ల కదా."

ఏ వాకిలి? ఆ వాకిలిని నేనే కొంటున్నాను. అన్న అప్పులు తీర్చి అద్దె ఇంట్లోకి వెళ్తున్నాడు. ఆమెకి తెలుసు. ఇల్లు లేకపోయినా పుట్టిల్లు ఉంటుందని ఆమె లెక్క. 2018లో నేనూ వేసుకున్నది అదే లెక్క, చదువుకున్నదాన్ని కాబట్టి దానికి రుణమని పేరు పెట్టుకున్నాను. ఇంకేం మాట్లాడలేదు. చెక్కు అన్న పేరనే రాశాను. నేను గట్టిగా పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో అని చాలాసార్లు అనుకున్నాను. బేరంలో తగ్గించిన 2 లక్షలు ఆమెకి ఇవ్వాలన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. వచ్చిందని రాస్తే బాగుండేది. ఇంటికొచ్చాక రెండు రోజులకి వచ్చింది.

వెళ్లేముందు ఆమె ఒకటి అడిగింది. ఇంటి అటక మీద రాట్నం ఉంది, తీసుకుపోవచ్చా అని. కలిసి ఇంటికి వెళ్లి దించాం. చక్రం చెదలు పట్టింది. దాన్ని చీర కొంగుతో తుడిచి, గోనెసంచిలో చుట్టి, కదిరి బస్సు వెనక సీట్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

మరుసటేడు అదే వీధిలో అలాంటి ఇల్లే నేను కొన్నదానికంటే లక్షన్నర తక్కువకి పోయింది. తమ్ముడు ఏమీ అనలేదు, నేనే చెప్పాను. 2022 మే నుంచి వడ్డీలు పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి రెపో 6.5 శాతానికి చేరింది. నా కిస్తీ కూడా పెరిగింది. అంటే ధరలోనూ వడ్డీలోనూ నేను గెలవలేదు. 2022 ఏప్రిల్‌లో పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వచ్చింది. కేంద్రం తమకు కావాలని హిందూపురంలో ఉద్యమం జరిగింది. ఎక్కడ రేటు పెరుగుతుందన్న మాటలు మళ్లీ మొదలయ్యాయి. నేను వినడం మానేశాను.

మేస్త్రీ గుంత పూడ్చేస్తానన్నాడు. అమ్మ వద్దంది. కడప బండ పరిపించి దానిమీద నా బల్ల వేసుకున్నాను.

ఇప్పుడు మిగిలింది వీలునామా. నాకు విడాకుల కాగితం లేదు. పిల్లలు లేరు. వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం నేను వీలునామా రాయకుండా పోతే ఇరవై ఏళ్లకు పైగా ముఖం చూడని మనిషికి ఈ ఇల్లు వెళ్తుంది. ఆయన నాకంటే ముందు పోతే ఆయన వారసులకి. మా అమ్మ వంతు వాళ్ల తర్వాతే. పెళ్లయిన మూణ్నెల్లకే భర్త పోయి, అత్తింటివాళ్లు గెంటేస్తే, పుట్టింట్లో ఉండి చదువుకుని, సొంతంగా సంపాదించుకున్న నారాయణీదేవి డబ్బంతా ఆ అత్తింటివాళ్లకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు గురించి కూడా క్లాసులో చెప్పినదాన్నే.

కాబట్టి రాయాలి. రేటు కోసం తాళినట్టు దీనికీ తాళుతూ వస్తున్నాను. అమ్మ తమ్ముడి కొడుకు పేరు చెబుతోంది, "వాడైతే ఇల్లు నిలబెడతాడు పాపా" అని. నాకు తమ్ముడి కూతురికి రాయాలనుంది. ఆమెకి పద్దెనిమిది. ఫోన్ చేసి చెప్తే, "నాకు ధర్మవరంలో ఇల్లెందుకత్తా?" అంది.